విందూ, వినోదమూ – చేవెళ్ళ బాట మీద ఒక సాయంత్రం

మన భాషలో 'విందువినోదాలు' అని ఒక జంటపదం ఉన్నది. వ్యాకరణ దృష్టితో చూస్తే ఇది మిశ్రమ ద్వంద్వ సమాసం. 'విందు' అచ్చ తెలుగు, 'వినోదం' సంస్కృత సమం. ఇందులో ఒక చిన్న విశేషం ఉంది. పాత కావ్యాలలో 'విందు' అన్న పదానికి భోజనమనే కాక అతిథి అనే అర్థమూ ఉన్నది. తమిళంలోని 'విరుందు'కూ ఈ రెండర్థాలూ ఉన్నాయి. అతిథి వస్తేనే భోజనానికి విందు అన్న పేరు వస్తుంది కాబోలు. ఈ లెక్కన డబ్బిచ్చి హోటలులో తినేదాన్ని విందు అనవచ్చునా అన్న సందేహం, తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసిన నాబోటి వాడికి తప్ప ఇంకెవరికీ రాదు.

ఈ ఆలోచనకు మూలం మా శ్రీమతి. ఇటీవల ఒక శనివారం మేమిద్దరం చేవెళ్ళ నుండి హైదరాబాదు వెళ్ళి రవీంద్రభారతిలో సురభి వారి 'మాయాబజార్' చూసి, తిరుగు ప్రయాణంలో మొయినాబాదు దగ్గర భోజనం చేసి వచ్చాము. వెళ్ళేటప్పుడు బస్సులో ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "ఏమండి, ఇన్నేండ్ల నుంచి చరిత్ర పుస్తకాలు చదువుతున్నరు గద, మొగుడూ పెండ్లాం కలిసి ఆటకు పోవుడు, బయట కూసొని తినుడు ఎన్నడు మొదలైందో చెప్పుండ్రి" అన్నది. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. కన్యాశుల్కం మొదటిసారి ఎప్పుడాడారు అని అడిగితే 1892లో విజయనగరంలో అని నిద్రలో లేపినా చెబుతాను. ఈ ప్రశ్న మాత్రం ఏ పరీక్షలోనూ నన్నెవరూ అడగలేదు, నేనూ పిల్లలను అడగలేదు.

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. విందూ వినోదమూ ఒకే దినాన, ఒకే ఊరిలో, డబ్బిచ్చి అనుభవించిన వాళ్ళు మన సాహిత్యంలో ఎవరు అని వెదికితే ముందుగా తగిలేది 'క్రీడాభిరామం'. దశరూపకాలలో 'వీథి' అనే జాతికి చెందిన రచన. వినుకొండ వల్లభరాయని పేర ఉన్నది. శ్రీనాథునిదే అనే వాదమూ ఉన్నది, ఆ రచ్చ ఇక్కడ వద్దు. గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లులో తిరుగుతూ కంటపడినదల్లా వర్ణించుకుంటూ పోవడమే ఇందులోని కథ. వారు పూటకూటింట భోంచేస్తారు. ధర ఒక రూక. ఆ రూకకు సువాసన గల సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. బయటి భోజనానికి మన భాషలో ఇంత వివరమైన ధరల పట్టిక దీనికి ముందు నాకు కనబడలేదు. ఆ ఊరిలోనే వారు పల్నాటి వీరుల కథను వాద్యాలతో గానం చేస్తుంటే వింటారు, కోడిపందాలు, పొట్టేళ్ళ పోరు చూస్తారు. సురవరం ప్రతాపరెడ్డి గారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసేటప్పుడు ఈ చిన్న పుస్తకాన్ని గనిలా తవ్వుకున్నారు.

ఎన్ని సార్లు పాఠం చెప్పానో ఆ గ్రంథాన్ని! ఆ ఇద్దరి భార్యలు ఆ వేళ ఎక్కడున్నారు అని నాకు ఒక్కసారైనా తట్టలేదు. ఓరుగల్లు వీధుల్లో స్త్రీలు లేకపోలేదు. పాట పాడే ఆడది ఉంది, అమ్ముకునే వారున్నారు, వేశ్యవాటిక ఉంది, ప్రతాపరుద్రుని ఆస్థానంతో సంబంధం గల మాచల్దేవి చిత్రశాల ఉంది. వినోదాన్ని అందించే స్త్రీలు ఉన్నారు గాని, మగనితో కలిసి వినోదం చూడవచ్చిన ఇల్లాలు కనబడదు.

అంతకు ముందరి పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'లో, పర్వత ప్రకరణంలో, శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసమూహం ముందు రకరకాల ఆటలు, బొమ్మలాటలు ఆడినట్లు ఉన్నది. యాత్ర అన్నప్పుడు కుటుంబాలు కలిసే వెళ్ళి ఉంటాయి. దేవుడి పేరున అయితే ఆలుమగలు కలిసి ఆట చూడవచ్చునన్నమాట. ఈ నియమం మా చిన్నతనం దాకా చెక్కుచెదరలేదు. చిలుకూరు బాలాజీ గుడికి కలిసి వెళితే భక్తి, అదే బండిలో ఇంకొంచెం ముందుకు వెళ్ళి సినిమా చూస్తే షోకు.

మా వైపు ఊళ్ళల్లో నా బాల్యంలో నాటకమంటే బాగోతం. పంటలు ఇండ్లకు చేరిన తరువాత ఆటగాళ్ళు వచ్చేవారు. చెర్విరాల భాగయ్య గారి యక్షగానాలు అచ్చుపుస్తకాలుగా వచ్చాక ఊరి కుర్రవాళ్ళే గురువును పెట్టుకొని నేర్చుకొని ఆడేవారు. భోజనానికీ ఆటకూ క్రమం అప్పుడు వేరు. పొద్దుగూకగానే, దీపం నూనె ఖర్చు కాకముందే తినేవారు. జొన్న రొట్టె, పప్పు లేక పచ్చిపులుసు. తిన్నాక చాప చంకన పెట్టుకొని రచ్చబండ దగ్గరికి చేరేవారు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత గాని పెట్రోమాక్సు దీపాలు వెలిగేవి కావు. గణపతి స్తుతి, సూత్రధారుడు, కటికవాడు, ఇవన్నీ అయి అసలు కథ అందుకునేసరికి నడిరాత్రి. వేగుచుక్క పొడిచేదాకా ఆట. విందు ముందు, వినోదం తరువాత. ఆటగాళ్ళకు మాత్రం ఊరిలోని ఇండ్లవారు పూటపూటకూ అన్నం పెట్టేవారు. వారు నిజంగానే 'విందు'లు, అంటే అతిథులు. చిందు వారికైతే కొన్ని కులాల ఇండ్ల మీద వంశపారంపర్యమైన హక్కు ఉండేది.

మగవారు ఒక పక్క, ఆడవారు ఒక పక్క కూర్చునేవారు. మా తండ్రిగారు వేదికకు ఎదురుగా, మా అమ్మ ఎక్కడో వెనుక, గోడ నీడన. ఇద్దరూ ఒకే ఆట చూసేవారు, కాని కలిసి చూసేవారు కారు. ఆటలో సగం అయ్యాక చిన్నపిల్లలు ఏడిస్తే లేచి ఇంటికి పోవలసింది తల్లులే. నేను ఏడ్చిన రాత్రులు ఎన్నో! మా అమ్మ చివరిదాకా చూసిన బాగోతం ఒక్కటైనా ఉన్నదో లేదో నాకు తెలియదు. పొద్దున్నే పక్కింటి పెద్దమ్మ దగ్గర కూర్చొని మిగిలిన కథ చెప్పించుకోవడం మాత్రం గుర్తుంది.

ఇక ఆధునిక నాటకం సంగతి. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించినది మొదలు కోస్తా జిల్లాల్లో సమాజాలు వెలిశాయి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు పద్యనాటకానికి రూపు దిద్దారు. ఇదంతా పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. మా శ్రీమతి ప్రశ్నకు కావలసిన ముక్క మాత్రం ఒకటుంది. ఆ రంగస్థలం మీద ఆడవేషాలు మగవారివే. స్థానం నరసింహారావు గారు సత్యభామగా నిలబడితే స్త్రీలే అసూయపడేవారని చెప్పుకునేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. వేదిక మీదికి రాని ఇల్లాలు ప్రేక్షకురాలిగా రావడానికి కూడా తెర చాటు కావలసి వచ్చింది. నిజాం రాజ్యంలో అయితే సినిమాహాళ్ళలో సైతం స్త్రీలకు పరదా కట్టిన జనానా భాగం ఉండేది.

ఈ కట్టును మొదటినుంచీ పాటించని వారు సురభి వారు. వారు ఆరె మరాఠీ కుటుంబాల వారు, తోలుబొమ్మలాట వృత్తి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా, వనారస గోవిందరావు గారి పూనికతో, బొమ్మలను పక్కన పెట్టి మనుషులే పాత్రలుగా 'కీచకవధ' ఆడారు. బొమ్మలాట ఇంటిల్లిపాదీ ఆడేది. తెర వెనుక స్త్రీలు గొంతు ఇచ్చేవారు, పాడేవారు. ఆ కుటుంబమే తెర ముందుకు వచ్చినప్పుడు స్త్రీలూ వచ్చారు. ఇందులో సంస్కరణోద్యమం ఏమీ లేదు, వృత్తి ధర్మం ఉంది. సంస్కర్తలు ఉపన్యాసాలతో సాధించలేకపోయిన పనిని వృత్తి కళాకారులు పూట గడవడానికి చేసి చూపారని నా అభిప్రాయం. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి గారే. సినిమాకు కథానాయిక కావలసి వస్తే ఆ ఇంటికే వెళ్ళవలసి వచ్చింది.

సురభి వేదిక మీద భార్యాభర్తలుగా కనిపించేవారు అనేకసార్లు నిజంగానే భార్యాభర్తలు. డేరా వెనుకనే వారి వంట, వారి నిద్ర, వారి పురుడు. ఎదుటి బెంచీల మీద మాత్రం ఆలుమగలు చెరో పక్క. వేదిక మీద కలిసి ఉన్న జంటను ప్రేక్షకుల్లోని జంట విడివిడిగా చూసింది. ఎంత కాలం అంటే కచ్చితంగా చెప్పలేము. ఊరికొక తీరు.

హైదరాబాదులో ఈ దూరాన్ని కొంత తగ్గించినవి, నవ్వకండి, ఇరానీ హోటళ్ళు. వాటిలో 'ఫ్యామిలీ రూము' అని ఒక అర ఉండేది, చెక్క గదులు, ముందు తెర. బయట బల్లల దగ్గర ఆడవాళ్ళు కూర్చుంటే జనం చూపులు. లోపల తెర వేసుకొని భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చొని టీ తాగవచ్చు. సంసారం అనే మాటకు ఆ రోజుల్లో ఇంగ్లీషు బోర్డు దొరికింది. ఇంట్లో అత్తగారి ముందు మొగుడితో కలిసి తినే వీలు లేదు, ఆయన తిన్నాకే ఆవిడ తినాలి. తెర వెనుక మాత్రం ఇద్దరూ ఒకేసారి తినేవారు. 1961లో రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి గుర్తుగా రవీంద్రభారతి వచ్చింది. అందులో కుర్చీలకు వరుస సంఖ్యలున్నాయే తప్ప ఆడ, మగ అన్న భేదం లేదు. పక్కపక్క సంఖ్యలు దొరికితే పక్కపక్కనే కూర్చుంటారు. ఆలుమగలు కలిసి నాటకం చూడడానికి మా ప్రాంతంలో దారి తీసినది ఈ సంఖ్యలు వేసిన కుర్చీయే అని, ఇన్ని పుస్తకాలు తిరగేశాక, నాకు అనిపిస్తున్నది.

ఇక మా సంగతి చెప్పాలి, లేకపోతే ఆ ప్రశ్న అర్థం కాదు.

పెళ్ళయిన మరుసటి ఏడు, 1989లో, నగరంలో ఒక మైదానంలో డేరా వేసి ఆడుతున్న సురభి నాటకానికి మా శ్రీమతిని తీసుకువెళ్ళాను. అదీ 'మాయాబజారే'. ఆట అయ్యాక ఏదైనా మంచి హోటలులో భోంచేద్దామని మాట ఇచ్చాను. అప్పుడు చేవెళ్ళ మీదుగా పోయే బస్సులు గౌలిగూడ బస్సు స్టేషనులో దొరికేవి. పెద్ద ఇనుప డొప్ప లాంటి ఆ కట్టడం 2018లో కూలిపోయింది. ఆట ఆలస్యంగా మొదలైంది. ఘటోత్కచుడు రంగం మీదికి వచ్చేసరికి నా కళ్ళు గడియారం మీద. చివరి బస్సు తప్పితే రాత్రంతా స్టేషనులోనే. ఇంట్లో మా అమ్మా నాన్నా ఎదురుచూస్తుంటారు, కొత్తకోడలు రాత్రి ఇంటికి రాలేదంటే ఊరంతా పాకుతుంది. "లే, పోదాం" అన్నాను. ఆవిడ ఒక్కమాట అనకుండా లేచింది. హోటలూ లేదు, భోజనమూ లేదు. బస్సులో రెండు అరటిపండ్లు తిన్నాము. ఇంటికి చేరాక ఆవిడ మా అందరికీ వడ్డించి చివర్న తిన్నది.

ఆ తరువాత సినిమాలకు వెళ్ళాము, పెళ్ళిళ్ళకు వెళ్ళాము, తిరుపతి వెళ్ళాము. పిల్లలు, బదిలీలు, స్లిప్ టెస్టులు. ఆ నాటకం ఊసు ఆవిడ ఎత్తలేదు, నాకూ గుర్తులేదు. ఈ మధ్య పేపరులో సురభి ప్రకటన చూసి నేను చదివి వినిపిస్తే, బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే అన్నది: "ఆ నాడు శశిరేఖ లగ్గం అయిందో కాలేదో నేను చూడకనే వస్తిని."

ముప్పై అయిదేళ్ళు దాటింది. సినిమా పది సార్లు టీవీలో చూసి ఉంటుంది, కథ తెలియక కాదు. మా అమ్మ పక్కింటి పెద్దమ్మ దగ్గర కూర్చున్న పొద్దుటిపూట నాకు గుర్తుకు వచ్చింది. పక్కపక్క కుర్చీలకే టికెట్లు తెప్పించాను.

బస్సులో ఆవిడకు సున్నా టికెట్టు, నాకు పూర్తి ధర. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం కదా. "ఈ సారి మిమ్ముల నేనే తోలుకపోతున్న" అని నవ్వింది. చేవెళ్ళ దాటగానే రోడ్డుకు ఇరువైపులా మర్రిచెట్లు. బీజాపూరు రోడ్డు వెడల్పు చేయడానికి దాదాపు 900 మర్రిచెట్లు అడ్డమని ఒకరు, వాటిని కొట్టవద్దని ఒకరు ఏళ్ళ తరబడి వాదులాడారు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొట్టిన ఘోరం తరువాత ఆ రోడ్డు మీద రాత్రి ప్రయాణమంటే మా వాళ్ళందరికీ గుండెలో గుబులే. అందుకే తిరుగు ప్రయాణానికి చేవెళ్ళలో కారు నడిపే నా పూర్వ విద్యార్థిని రమ్మన్నాను.

మొయినాబాదు దగ్గర ఎదురుగా నగరం నుండి వచ్చే కార్ల బారు. శనివారం సాయంత్రం వారు విందుకు ఇటు వస్తారు, మేము వినోదానికి అటు పోతున్నాము. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాల రక్షణ కోసం 1996 మార్చిలో ప్రభుత్వం జీవో 111 తెచ్చి, 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసింది. పరిశ్రమలు, పెద్ద భవనాలు రాలేదు గాని తోటల పేరిట ఫామ్‌హౌసులు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలించారు. కొండా వెంకట రంగారెడ్డి గారు పుట్టిన పెద్దమంగళారం ఈ మండలంలోదే. ఆయన పేరనే 1978లో జిల్లా ఏర్పడింది. మా చిన్నతనంలో ఆ పొలాల్లో జొన్న చేలు.

నాటకం సాయంత్రం ఆరున్నరకు. అంటే ఇప్పుడు వినోదం ముందు, విందు తరువాత, పాత వరుస తలకిందులైంది. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడికి ఉత్తరతోనే పెళ్ళి. జనం కల్పించుకున్న కథ ఇది. 1957 నాటి విజయా వారి చిత్రం చూసి సురభి వారు ఆడుతున్నారని కొందరంటారు గాని, 1936లోనే ఇదే కథ పి.వి. దాసు గారి దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. ఘటోత్కచుడు కూర్చొని ఉండగా లడ్డూలు గాలిలో ఎగిరి వచ్చి నోట్లో పడే ఘట్టం వచ్చింది. దారాల పనితనం అని తెలిసినా పిల్లలు కేరింతలు కొట్టారు. సరిగ్గా ఆ వేళకే నాకు ఆకలి. పెళ్ళివారి భోజనం అంతా వాడొక్కడే తింటుంటే హాలులో ఉన్న వందలమంది ఖాళీ కడుపులతో చప్పట్లు కొడుతున్నాము. గడియారం చూసుకోబోయి, చేతిని వెనక్కి తీసుకున్నాను. ఆవిడ అది గమనించింది.

శశిరేఖ పెళ్ళి జరిగింది. సురభి నాగేశ్వరరావు గారు, అంటే బాబ్జీ గారు, 2013లో పద్మశ్రీ పొంది, 2022లో కన్నుమూశారు. ఆ తరువాత కూడా ఆ తెరలు లేస్తున్నాయి, చిన్నపిల్లలు వేషాలు వేస్తున్నారు. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సమాజాలు వేళ్ళ మీద లెక్కించేటన్ని మిగిలాయి. తెర దిగిన తరువాత మేము కూర్చునే ఉన్నాము. అందరూ వెళ్ళిపోయాక, పనివారు వచ్చి చూస్తే లేచాము.

మొయినాబాదు దాటి రోడ్డు పక్కన ఒక భోజనశాల దగ్గర కారు ఆపించాను. పట్టికలో 'తెలంగాణ భోజనం' అని పెద్ద అక్షరాలు. జొన్న రొట్టె, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. మా అమ్మ దినమూ చేసిన రొట్టెకు ఇప్పుడు బియ్యపన్నం కన్నా ఎక్కువ ధర. తెరలు లేవు, ఫ్యామిలీ రూములు లేవు. చుట్టూ ఎన్నో జంటలు, ఎవరినీ ఎవరూ చూడటం లేదు. వడ్డించే అబ్బాయి అలవాటుగా నా వైపు వస్తే, ముందు ఆవిడకు పెట్టమన్నాను. రొట్టె విరిచి నోట పెట్టుకొని, "అత్తమ్మ చేసినంత పలుచగ లేదు" అన్నది.

నా శిష్యుడు మాత్రం మాతో కూర్చోలేదు. దూరంగా వేరే బల్ల దగ్గర నిలబడ్డాడు. "సారు ముందర కూసొని తినుడు ఎట్ల సార్" అని నసిగాడు. పదో తరగతిలో సమాసాలు రాక నా చేత తిన్న దెబ్బలు వాడికింకా గుర్తున్నట్లున్నాయి. ఆవిడ పక్క కుర్చీ కాలితో కొంచెం వెనక్కి జరిపి, "ఇగో బిడ్డా, ఇట్ల రా. నువ్వు రాకుంటె మా ఇద్దరికీ ఈ రాత్రి ఇల్లు చేరుడే లేకుండె" అని పిలిచి, ఇంకో రెండు రొట్టెలు తెమ్మని ఆ అబ్బాయికి చెప్పింది.